కారం జున్ను కోసం ధర్మవరం దాకా

జున్నులో కారప్పొడి కలుపుకుని తింటారా అని నన్ను అడగని మనిషి నంద్యాలలో లేడు. అడిగి ఊరుకోరు, నవ్వుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక ఈ వయసులో నాకు లేదు. అందుకే మొన్న కార్తీకంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగొచ్చిన సంగతి ఇక్కడ ఒక్కసారిగా రాసేస్తున్నాను. ఇది చదివినవాళ్లు మళ్లీ అడగకూడదు.

మాది గొర్రెల మంద వెంట నడిచిన కుటుంబం. వానాకాలపు పంట ఇంటికి చేరగానే నాయన మందను తోలుకుని ఆదోని, సిరుగుప్ప, బళ్లారి దాకా పోయేవాడు. నాయన వెనక అమ్మ, అమ్మ వెనక అక్క, అక్క కొంగు పట్టుకుని నేను. మంద ఏ చేలో రాత్రి పడుకుంటే ఆ చేనికి ఎరువు. ఎరువు దక్కినందుకు ఆ రైతు ఇంటి నుంచి మాకు కూడు. ఇది రివాజు. చీకటి పడకముందే అమ్మ గంప పట్టుకుని ఆ ఇంటికి పోయేది. ఒకచోట జొన్నరొట్టె, పుండికూర అనే గోంగూర. ఒకచోట గోధుమ నూక జావ. ఇంకోచోట బెల్లం వేసిన పప్పు. బాగాలేదని మూతి తిప్పితే అమ్మ ఊరుకునేది కాదు. "మంద ఎవురి చేన్లో నిలిస్తే వాళ్ల కూడే మన కూడు" అనేది.

సిరుగుప్ప పక్కన ఒక రైతు ఇల్లాలు రొట్టెల మీదికి ఉచ్చెళ్ల కారం ఇచ్చింది. ఉచ్చెళ్లంటే నల్లగా, నిగనిగలాడే సన్న గింజలు. కొందరు వెర్రినువ్వులంటారు. వాటిని వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచితే వచ్చే వాసనను వర్ణించడం నా వల్ల కాదు. ఆరోజే మందలో గొర్రె ఈనింది. అమ్మ ముర్రుపాలతో జున్ను వండింది గానీ బెల్లం లేదు. కారం ఉంది. చల్లింది. ఇంతే కథ. ఆనాటి నుంచి మా ఇంట్లో జున్నంటే కారం జున్ను. దీంట్లో నవ్వడానికేముంది?

ఆ గంప తిండితో మా అక్క ఒక ఆట కనిపెట్టింది. కళ్లు మూసుకుని నోరు తెరిచేది. నేను ఒక ముద్ద పెట్టాలి. నమిలి, ఇది ఏ ఊరి చేను కూడో చెప్పేది. "నూనె కుసుమలది, ఆదోని దాటినాం" అనేది. తప్పు చెప్పిన రోజు నాకు గుర్తు లేదు.

నేను బడి ముఖం చూసింది లేదు. అక్షరాలు నేర్చుకున్నది మైలురాళ్ల మీద, శనక్కాయలు పొట్లం కట్టిన కాగితాల మీద. తర్వాత నంద్యాలలో సైకిల్ షాపు పెట్టుకుని, గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ పుస్తకాలు చదివాను. అక్కను ధర్మవరం ఇచ్చారు. మా బావ పట్టుమగ్గాల షెడ్డులో కూలికి పోయేవాడు. ఆయన పోయాక అక్క కొడుకు దగ్గరే ఉంది. ఆమెకు ఎనభై దాటాయి.

కార్తీకంలో అక్క కోడలు సరస్వతి ఫోన్ చేసింది. "మామా, అత్తకు జరం తగ్గిపోయింది గానీ నోట్లో మెతుకు పెట్టల్యా. ఇడ్లీ అంటే వద్దంటాది, రొట్టె వద్దంటాది, గంజి చూస్తే తల తిప్పుకుంటాది. డాక్టరు ఇంగో మూడు దినాలు చూద్దామన్నాడు. అప్పటికీ తినకుంటే అనంతపురం తీసుకపోయి ముక్కులో గొట్టం ఏపియ్యల్లంట." అక్క ఫోన్ లాక్కుంది. "రేయ్ మల్లిగా, నోరు సచ్చిపోయిందిరా. గొట్టం ఏసేలోపల ఒక్కసారి కారం జున్ను తినిపియ్యి" అంది. గొంతు గువ్వ గొంతులా ఉంది.

మా ఆవిడ నా సంచి సర్దుతూ, "కొట్లో జున్ను పొడి ప్యాకెట్టు దొరుకుతాది, పోస్టులో పంపితే పోలా?" అంది. ప్యాకెట్టు జున్ను! ఆ మాటకు నేను ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

హిందూపురం: గువ్వల గింజలు

ఉచ్చెళ్లు నంద్యాలలో దొరకవు. దొరికితే గిరికితే హిందూపురంలోనే. అక్కడ ఊరి బోర్డుల మీద తెలుగు, కన్నడం పక్కపక్కనే ఉంటాయి. మనుషుల నోళ్లలో కూడా అంతే. ఒకడు తెలుగులో బేరం మొదలుపెట్టి, కోపమొస్తే కన్నడంలోకి దిగుతాడు. చలి కూడా మనవైపు చలి కాదు. పొద్దున తొమ్మిదైనా మఫ్లర్లు విప్పరు.

ముందు కడుపు సంగతి చూద్దామని ఒక హోటల్లోకి పోయాను. గోడకు రాగిముద్ద బొమ్మ పెద్దగా వేసి, కింద నూట ఎనభై అని రాశారు. ముద్దకు నూట ఎనభై! పక్కన మట్టి ముంతలో చారు, అరిటాకు ముక్క. నా ఎదుట కూర్చున్న కుర్రవాళ్లు చేతులు కడుక్కోకుండానే ముద్దకు ఫొటోలు తీస్తున్నారు. మేం మంద దగ్గర ఇదే ముద్ద తింటుంటే "నల్లకూడు తినేటోళ్లు" అని ముక్కు చిట్లించిన వాళ్ల మనవళ్లే వీళ్లు. నేను లేచి రోడ్డు దాటి బండి దగ్గర ముప్పై రూపాయలకు చిత్రాన్నం తిన్నాను. ఆ బండివాడు సాంబారులో బెల్లం వేశాడు. అడుగుదామని నోరు తెరిచి, అమ్మ మాట గుర్తొచ్చి మూసుకున్నాను. అయినా ఇంత బెల్లమా?

మార్కెట్టంతా అనపకాయల వాసన. మనకు చిక్కుడెలాగో వాళ్లకు ఈ కాలంలో అనపకాయలు అలాగ. వీధి అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని, నానిన గింజలను వేళ్ల మధ్య పితికితే పప్పు పుటుక్కున ఎగిరి గిన్నెలో పడుతుంది. మాట్లాడుతూనే పితుకుతారు, తిడుతూనే పితుకుతారు. గురి తప్పదు.

ఉచ్చెళ్ల కోసం నాలుగు అంగళ్లు తిరిగాను. ఒకాయన చియా గింజలు చూపించి, ఇవే అన్నాడు. నేను అతనికి కొంత విజ్ఞానం అందించి బయటపడ్డాను. చివరికి చింతపండు అంగళ్ల పక్క సందులో, అనపకాయలు పితుకుతున్న ఒకామె ముందు చిన్న గోనెసంచిలో కనబడ్డాయి. నల్లగా, నిగనిగలాడుతూ.

"ఎంతమ్మా ఉచ్చెళ్లు?"

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "గువ్వలెన్ని ఉండాయి తాతా ఇంట్లో?"

"గువ్వలేంటి?"

"ఇవి ఇప్పుడు మనుషులు యాడ తింటారు? బెంగుళూరోళ్లు వచ్చి పంజరాల్లో గువ్వలకు కొనకపోతారు. ఒక గువ్వయితే పావు కిలో చాలు. జోడు గువ్వలయితే అరకిలో."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సిరుగుప్ప ఇల్లాలి చేతి వంట పంజరం పాలయిందా! కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఒకటే గువ్వ. ఎనభై ఏండ్ల గువ్వ. వారం నుంచి ముక్కు తెరవడం లేదు."

అప్పుడు తల ఎత్తింది. అక్క సంగతంతా చెప్పాను. పితకడం ఆపలేదు గానీ వింది. "దంచుకోనీకి నీకేం చాతనవుతాది? మధ్యాన్నం రా. నేనే ఏంచి, దంచి పెడతా. ఎల్లిగడ్డలు ఎక్కువ ఎయ్యల్లనా, తక్కువనా?" అంది.

"ఎక్కువే."

"మంచి గువ్వే" అంది.

మధ్యాహ్నం పోయేసరికి కారం సిద్ధం. కాగితంలో చుట్టి, దాని మీద ఇంకో కాగితం చుట్టినా వాసన ఆగలేదు. గింజల ధర తీసుకుంది, దంచినందుకు తీసుకోలేదు. ఎంత చెప్పినా వినలేదు. "గువ్వ తిన్న్యాక ఈ పక్క వస్తే చెప్పిపో" అంది.

పెనుకొండ: గొర్రె వింటుంది

మర్నాడు పొద్దున్నే పెనుకొండలో దిగాను. కొండ మీద కోట ఉంది, దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు కావలసింది కోట కాదు, గొర్రె. టీ అంగట్లో విచారిస్తే రొద్దం దారిలో శనక్కాయ పెరికిన చేలల్లో ఒక మంద దిగిందనీ, నాలుగైదు గొర్రెలు ఈనాయనీ తెలిసింది. ఆటో వాడు ఆ చేని గట్టు దాకా దించాడు.

మంద పక్కన గుడారం. గుడారం పక్కన మోటార్ సైకిల్. దాని సీటు మీద సోలార్ పలక, పలకకు తగిలించిన ఫోను. మా నాయన చూసి ఉంటే గొర్రెలు ఎక్కడున్నాయని అడిగేవాడు. కాపరి పేరు ఈరన్న, భార్య మారెక్క. ఇద్దరికీ నలభై లోపే.

"ఏమప్పా, యాడిది మంద?" అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మాట దానంతటదే నోటికొచ్చింది.

"రొద్దం పక్క పెద్దాయనా. మొన్ననే దావణగెరె నుంచి దిగినాం. లారీలో" అన్నాడు ఈరన్న. మంద లారీలో! నడవాల్సిన గొర్రెలు టికెట్టు లేకుండా తిరుగుతున్నాయి.

వచ్చిన పని చెప్పి, "ఎంత తీసుకుంటారో చెప్పండి, దుడ్లు ఇస్తాను" అన్నాను. ఈరన్న నేలచూపులు చూశాడు. మారెక్క మాత్రం లేచి నిలబడింది.

"మెల్లగా అను పెద్దాయనా, గొర్రె ఇంటాది! ముర్రుపాలకు దుడ్లా? మందోళ్ల కొడుకునంటివి, ఇదీ తెలీదా?"

తెలుసు. ఊళ్లో ఇన్నేళ్లుండి మరిచిపోయాను. ముర్రుపాలు అమ్మరు. పిల్ల కడుపు నిండాక మిగిలితే ఇస్తారు. తీసుకునేవాడు మంద దగ్గర కూర్చుని వాళ్ల కూడు తిని పోవాలి. తినకుండా పాలు పట్టుకుపోతే దొంగతనంతో సమానం.

"కూసో. కూడు తిను. పాలు తీస్కపో" అంది మారెక్క.

కూర్చున్నాను. రాగిసంగటి, ఊరిబిండి వస్తాయని ఎదురుచూశాను. ఊరిబిండి మీకు తెలియకపోతే, వేరుశనగ గింజలతో చేసే గట్టి పచ్చడి. ఆమె పొయ్యి మీద గొర్రెపాలు పెట్టింది. పొంగాయి. అందులో రెండు ప్యాకెట్లు చించి నూడిల్స్ వేసింది! వేసి, పిడికెడు కారం కొట్టి, ఉప్పు చల్లి కలిపింది.

"పాలల్లోనా? కారమా? ఇదెక్కడి తిండమ్మా!" అన్నాను. గట్టిగానే అన్నాను.

"జున్నులో కారం తినేటోడివి నువ్వా నన్ను అడిగేది?" అంది మారెక్క. ఈరన్న మోకాళ్ల మధ్య తల పెట్టుకుని నవ్వాడు.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట వీళ్లు మందను బెంగుళూరు అంచుల్లో ఖాళీ ప్లాట్లలో మేపారు. ఆ ప్లాట్లకు కాపలా నేపాలీ కుటుంబం. ప్లాట్లలో గడ్డి పోతోందని వాచ్‌మన్‌కు సంతోషం. ఆయన భార్య రోజూ సాయంత్రం వీళ్లకు నూడిల్స్ వండి ఇచ్చేదట. ఒకరోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. మారెక్క గొర్రెపాలు ఇచ్చింది. వాచ్‌మన్ భార్య ఆ పాలల్లోనే వండింది.

"ఆడ చేను యాడుంటాది పెద్దాయనా?" అన్నాడు ఈరన్న. "రాళ్లు పాతిన ప్లాట్లే. ఆయమ్మ పెట్టిన కూడే మా కూడు."

గిన్నె అందుకుని తిన్నాను. కోపంగానే తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నది ఆకలివల్ల, అందులో వేరే అర్థాలు తీయనక్కర్లేదు.

మారెక్క చిన్న స్టీలు క్యానులో ముర్రుపాలు పోసింది. పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసి, ఒక ఎండుమిరపకాయతో కలిపి పాలల్లో వేసింది. "దావన దిష్టి తగలకుండా. ఇల్లు చేరేదంకా తియ్యొద్దు. నీడన పెట్టుకోని పో" అంది. బయల్దేరబోతుంటే రెండు నూడిల్స్ ప్యాకెట్లు కూడా నా సంచిలో తోసింది. వద్దన్నాను. "ఉండనీ, దావన ఆకలైతాది" అంది.

బస్సులో వంట

ధర్మవరం బస్సు కిటకిటలాడుతోంది. సీటు దొరకలేదు. డ్రైవరు జాలిపడి తన పక్కన ఇంజను మూతను ఆనుకుని నిలబడమన్నాడు. క్యాను మూత తీసి చూశాను. అంత చక్కని పాలల్లో నల్ల బొగ్గు తేలుతోంది. చదువుకున్నవాడిని, దిష్టి ఏమిటి, బొగ్గు ఏమిటి? తీసి కిటికీలోంచి పారేశాను. మిరపకాయ కూడా. క్యానును పదిలంగా ఇంజను మూత మీద పెట్టి, పడిపోకుండా మోకాలితో ఆనించాను.

మధ్యాహ్నపు ఎండ, కింద ఇంజను. మోకాలికి సెగ తగులుతూనే ఉంది. నేనేమో పక్కనున్న పెద్దమనిషికి రాగుల చరిత్ర చెబుతున్నాను. ధర్మవరం ఇంకా కొద్ది దూరం ఉందనగా క్యాను మూత టప్పున లేచింది. పుల్లటి ఆవిరి. లోపల పాలు విరిగి, పైన పచ్చటి నీళ్లు, కింద రబ్బరు ముక్కల్లాంటి గడ్డలు.

"ఏమి పెద్దాయనా, నా బస్సులో వంట చేస్తాండావా?" అన్నాడు డ్రైవరు. బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఒక ముసలామె సంగతి అడిగి తెలుసుకుని, "బొగ్గు తీస్తే ఇరగక ఏమైతాది?" అంది. ఇంజను వేడివల్ల విరిగిందని నేను సశాస్త్రీయంగా వివరించాను. ఒక్కరూ వినలేదు. ఇప్పటికీ నేను ఆ మాట మీదే ఉన్నాను.

ధర్మవరం: కళ్లు మూసుకుని

అక్కవాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు పగలంతా ఆగదు. గడప దాటే లోపలే అక్క గొంతు వినిపించింది.

"తెచ్చినావా?"

మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. చేతులు మగ్గం కండెల్లా ఉన్నాయి. క్యాను ఆమె చేతికి ఇవ్వలేదు, మూత తీసి చూపించాను.

వాసన చూసింది. "బొగ్గు ఎయ్యలేదా ఆయమ్మ?"

"వేసింది."

"ఏమాయ?"

"పారేసినాను."

అక్క క్యానును చేత్తో పక్కకు తోసింది. "పుస్తకాలు చదివినోన్ని ముర్రుపాలకు పంపితే ఇంతే" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

సరస్వతి నన్ను వంటింట్లోకి పిలిచింది. కళ్లలో నీళ్లు. "రేపు పొద్దున కారు మాట్లాడినాడు మామా మీ అల్లుడు. అనంతపురం పోవల్ల. ఈ జున్ను మీదనే ఆశ పెట్టుకోని ఉండాది ఆయమ్మ" అంది.

నేను సంచి బోర్లించాను. తువ్వాలు, మందులు, ఉచ్చెళ్ల కారం పొట్లం, మారెక్క ఇచ్చిన రెండు ప్యాకెట్లు. ఆ ప్యాకెట్లు చేతిలోకి తీసుకున్నాను.

"ఇంట్లో పాలున్నాయా?"

"ప్యాకెట్టు పాలుండాయి."

"కాచు. ఈ నూడిల్స్ అందులో వెయ్యి."

"పాలల్లోనా మామా?"

"పాలల్లోనే. ఎదురు మాట్లాడొద్దు. వాళ్లిచ్చిన మసాలా పారెయ్యి. ఈ కారం వెయ్యి, ఉప్పు చల్లు."

సరస్వతి నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. మారెక్కను నేను చూసిన చూపే అది.

గిన్నె పట్టుకుని మంచం దగ్గర కూర్చున్నాను. "అక్కా, కండ్లు మూసుకో."

"పోరా."

"ఇది ఎవురి చేను కూడో చెప్పు చూద్దాం. చెప్పలేవులే, ముసలిదానివైపోయినావు."

గోడ వైపు నుంచి మెల్లగా తల తిరిగింది. కళ్లు మూసుకునే ఉంది. నోరు కొద్దిగా తెరిచింది. ఒక స్పూను పెట్టాను. దవడలు కదిలాయి. సరస్వతి తలుపు పట్టుకుని నిలబడింది.

"కారం సిరుగుప్పది" అంది అక్క.

"సరే. తక్కినది?"

"ఈ దారాలేమిరా? శావిగెనా? హోస్పేట పక్క పాలల్లో శావిగె ఏస్తారు, మన సేమ్యా మాదిరి."

"కాదు."

"ఇంగొంచెం పెట్టు. మింగితే గదా తెలిసేది."

పెట్టాను. బళ్లారి అంది. కాదన్నాను. రాయచూరు అంది. కాదన్నాను. ఒక్కో ఊరికీ ఒక్కో స్పూను. మధ్యలో "ఉప్పు సాలలేదు" అని కోడలిని తిట్టింది. ఆ తిట్టుకు సరస్వతి ముఖం ఎలా వెలిగిందో చూడాల్సింది. ఊర్లు అయిపోయేసరికి గిన్నె కూడా అయిపోయింది.

"నేపా..." అని నేను మొదలుపెట్టగానే అక్క కళ్లు తెరిచి నా చేతి మీద కొట్టింది. గట్టిగానే తగిలింది.

"చెప్పొద్దురా! చెప్తివంటే చూడు. రేపు మళ్ల చేపియ్యి. రేపు కనుక్కుంటా."

సరస్వతి బయటికి పోయి కారు వద్దని ఫోన్ చేసింది.

నేను నంద్యాల వచ్చి పది రోజులు దాటాయి. ఇది రాస్తుండగానే సరస్వతి ఫోన్. "ఇంగా తెలీలేదంట మామా. నిన్న గుంతకల్లు అనింది, ఈ పొద్దు గుల్బర్గా అంటాది. దినానికి రెండుసార్లు ఒండిచ్చుకుంటాండాది. మధ్యలో సంగటి గూడా తింటాండాది, నోరు కడుక్కోనీకంట. నువ్వు మాత్రం చెప్పొద్దు."

"చెప్పను."

"ఇంగోటి మామా. ఆ ఉచ్చెళ్ల కారం అయిపోవచ్చె."

మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవరది?" అని అడిగింది. సంచి ఎక్కడ పెట్టావని నేను అడిగాను. హిందూపురంలో ఒకామెకు గువ్వ తిన్నదని చెప్పాలి.